గొంతు పోయిన లెక్కలమ్మ

ఆ బడిలో ఆవిడ అసలు పేరు ఏ పిల్లకీ తెలియదు. ఆరో తరగతికి లెక్కలు చెప్పేది కాబట్టి లెక్కలమ్మ. ఇప్పటి పిల్లల తల్లుల్లో కొందరు కూడా ఆవిడ దగ్గర తిట్లు తిన్నవాళ్ళే, వాళ్ళకీ లెక్కలమ్మే.

ఏ బడిలోనైనా టీచరు పాఠం ఆపి "అర్థమైందా?" అని అడిగితే చాలు, తరగతంతా "అర్థమైందీ" అని రాగం తీస్తుంది. అది జవాబేమీ కాదు, వట్టి అలవాటు. నిద్రలో లేపి అడిగినా అదే అంటారు. లెక్కలమ్మ ఆ రాగాన్ని ఏనాడూ నమ్మిన మనిషి కాదు. అడుగుతుంది, అడిగి మొహాలు చూస్తుంది. తెలియని పిల్ల ఉన్నట్టుండి పెన్సిలు చెక్కుకుంటుంది. ఇంకోడు కిటికీలోంచి మేఘాలు లెక్కపెడతాడు. వాళ్ళని ఇట్టే పట్టేసేది.

"ఏమ్మా, ఆ పెన్సిలు ఇంకా చెక్కితే వేలు తెగుతుంది. లే, ఎక్కడ తప్పిపోయావో చెప్పు, అక్కడికే పోయి వెతుక్కుందాం" అనేది. ఆ పిల్ల దారిలో పడేదాకా పాఠం అంగుళం కదిలేది కాదు. పోర్షన్ పూర్తి కాలేదని పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఏటా సణిగేవాడు. ఆవిడ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేది.

అలాంటి మనిషి గొంతులో గడ్డ లేచింది. పాడు గడ్డ లేవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు! ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇంటికొచ్చి భర్త కుట్టుమిషను పక్కన కూలబడింది. ఆయన టైలరు. కుట్టేది ఆపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వుంటే చాలు, మాట ఎవడిక్కావాలి" అన్నాడు.

"నాక్కావాలి. మాట లేకపోతే నన్ను బళ్ళో ఎవరుంచుతారండీ?" అంది ఆవిడ. ఆవిడ భయం చావు గురించి కాదు, తరగతి గురించి.

అప్పుడే బళ్ళో గదిగదికీ గోడంత స్క్రీన్లు బిగిస్తున్నారు. పెద్దసారు పరుగున వచ్చాడు. "టీచరుగారూ, ఆపరేషన్ లోపు మీ పాఠాలన్నీ రికార్డు చేసేద్దాం. రేపు స్క్రీన్ మాట్లాడుతుంది, మీరు పక్కన బోర్డు మీద రాద్దురుగాని. మీ సీటు ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ మాటకి ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఖాళీ గదిలో కెమెరా ముందు నిలబడి, గొంతు మండుతున్నా మంచినీళ్ళు తాగుతూ ఏడాది పాఠాలు చెప్పేసింది. ఎదురుగా రికార్డింగు చేసే ఆయన ఒక్కడే. ఆయనకి లెక్కలంటే ఆమడదూరం. భిన్నాల దగ్గర ఆవిడ అలవాటు కొద్దీ "అర్థమైందా?" అని ఆగింది. ఆగి, ఆయన మొహం చూసింది. ఆయన బిక్కమొహం వేశాడు.

"ఈ ఖాళీలు కత్తిరించేయమంటారా మేడం?" అన్నాడు తర్వాత.

"ఉండనీ నాయనా. పిల్లలు నోరు తెరవడానికి చోటుండొద్దూ?" అంది. ఉంచేశాడు. ఆ ఖాళీ తర్వాత వీడియోలో ఆవిడే "సరే, అయితే ముందుకు పోదాం" అంటుంది.

ఆపరేషన్ అయింది. మెడ కింద ఊపిరి తీసుకోవడానికి కన్నం, దాని మీద పల్చటి గుడ్డ, చేతిలో చిన్న పలక. వేసవి సెలవులు దాటాక బడికొచ్చి తరగతిలో అడుగు పెట్టేసరికి గోడమీద తనే నిలబడి గలగలా మాట్లాడుతోంది. కింద నిలబడ్డది మూగది. ఏం బతుకురా ఇది అనిపించింది. అయినా సరిపెట్టుకుంది, తరగతిలో ఉన్నాను కదా అని.

కానీ ఆ స్క్రీన్ ఆవిడ చేతిలో ఉండదు. మూడు సెక్షన్లకీ ఆఫీసు గదిలోంచి ఒకేసారి నడుస్తుంది, ఆపడానికి లేదు. గోడమీది ఆవిడ "అర్థమైందా?" అంటుంది. పిల్లలు బెంచీలు అదిరేలా "అర్థమైందీ" అంటారు. "సరే, అయితే ముందుకు పోదాం" అని పాఠం సాగిపోతుంది. కిందున్న లెక్కలమ్మకి మాత్రం పెన్సిలు చెక్కుకునే చేతులన్నీ కనిపిస్తూనే ఉంటాయి. చప్పట్లు కొడుతుంది, పలక ఎత్తి చూపిస్తుంది. ఒకరి దగ్గరికి వెళ్ళి సరిదిద్దేలోపు గోడమీది మనిషి ఇంకో లెక్కకి పోయి ఉంటుంది. తన నోరు తనకే ఇంత శత్రువవుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఆవిడకి బోధపడని సంగతి ఒకటుంది. పిల్లల అరుపు రోజురోజుకీ పెరుగుతోంది. మునుపటి ఏళ్ళ పిల్లలు సాగదీసి, నీరసంగా అనేవాళ్ళు. వీళ్ళు మెడనరాలు తేలేలా అరుస్తున్నారు. అరిచి ఆవిడ వంక చూస్తున్నారు. వెక్కిరిస్తున్నారేమోనని మనసు చివుక్కుమంది.

పెద్దసారు దగ్గరికెళ్ళి పలక మీద రాసింది: 'వాళ్ళకి రావట్లేదు. నడుమ ఆపే వీలు నాకివ్వండి.'

"భలేవారే! వరండాలో నిలబడి నా చెవులారా విన్నాను. ఒక్క గొంతుతో అర్థమైందంటున్నారు. మీ పాఠం మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ?" అని నవ్వేశాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "పైనుంచి ఒకాయన వస్తున్నారు. స్క్రీన్ ఉన్న గదికి లెక్కల టీచరు కావాలా, కాపలాకి మనిషి చాలా అన్నది ఆయన తేలుస్తారు. మీరు కంగారుపడి ఏదీ పాడుచేసుకోకండి" అన్నాడు.

ఆ మాట విన్నప్పట్నుంచీ ఆవిడకి అన్నం సయించలేదు. పిల్లలకి వచ్చేసిందంటే తను అక్కర్లేదు. రాలేదంటే తప్పు తనదే, పాఠం చెప్పింది తనే. ఎటు చూసినా గోడే. ఇంట్లో భర్త ఆవిడ గొంతు వినాలని ఫోనులో ఆ పాఠాలే పెట్టుకుని కాజాలు కుడుతుంటాడు. ఆ రోజు విసురుగా వెళ్ళి ఫోను ఆపేసింది. పాపం, ఆయనకేమీ అర్థం కాలేదు.

పైనుంచి వచ్చినాయన మెత్తటి మనిషే. వెనక బెంచీలో సర్దుకుని కూర్చున్నాడు. గోడమీద భిన్నాల కూడిక నడుస్తోంది. "అర్థమైందా?" అని అడిగింది గోడ. కప్పు ఎగిరిపోయేలా అరిచారు పిల్లలు. ఆయన మురిసిపోయి పెద్దసారు వంక చూశాడు.

ఇక లెక్కలమ్మ ఆగలేకపోయింది. పాఠం అయిపోయి స్క్రీన్ నల్లబడగానే పక్క బోర్డు దగ్గరికెళ్ళి, అరకి మూడోవంతు కలపమని రాసింది. మొదటి బెంచీలో గొణుగుడు అని అందరూ పిలిచే పిల్ల ఉంది, నోట్లోంచి మాట బయటికి రాదు. పాఠమంతా పెన్సిలు చెక్కుతూనే ఉంది. దాన్ని వేలితో పిలిచింది. పిల్ల పరువు తీస్తున్నానని తెలుసు, అయినా పిలిచింది.

పిల్ల పెన్సిలు బెంచీ మీద పెట్టి వచ్చింది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేసి ఐదింట రెండు అని రాసింది. అరకి ఇంకొంత కలిపితే అరకంటే తక్కువొచ్చిందన్నమాట! లెక్కలమ్మ ఆ జవాబు కింద గీత గీసి ఆయన వంక చూసింది. చూశారా, ఇందుకు కావాలి నేను అన్నట్టు.

ఆయన ముందుకు వంగి, "ఒక్క పిల్లకి రాకపోతే పాఠాన్ని తప్పు పట్టలేం కదమ్మా" అని, తరగతి వైపు తిరిగాడు. "మిగతావాళ్ళు చెప్పండి. మీ టీచరుగారి పాఠం మీకు అర్థమవుతోందా?"

అంత అరుపు ఆ గది అంతకుముందు విని ఉండదు. కొందరు లేచి నిలబడి మరీ అరిచారు. "చాలా బాగా అర్థమైంది సార్" అని ఒకడు అడక్కుండానే వంత పాడాడు. ఆయన చేతులు జోడించాడు. "ఇంత చక్కగా చెప్పి పెట్టారు, ఇంక మీరు శ్రమపడనక్కర్లేదు తల్లీ" అన్నాడు. నిజంగా గౌరవంతోనే అన్నాడు, అదే ఖర్మ.

వారం తిరక్కుండా ఆవిడని తరగతిలోంచి తీసి, పాత బెంచీలూ విరిగిన గ్లోబులూ పెట్టే సామాన్ల గదికి వేశారు. తరగతిలో కాపలాకి ఆఫీసు గుమాస్తా కూర్చుంటున్నాడు. వాడు పత్రిక చదువుకుంటాడు.

ఒక మధ్యాహ్నం గొణుగుడు ఆ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నావల్లే కదా టీచర్" అంది, ఎప్పుడూ లేనంత స్పష్టంగా.

లెక్కలమ్మ ఏమిటన్నట్టు చూసింది.

"స్క్రీన్ పెట్టిన మొదటిరోజే, మీరు తరగతిలోకి రాకముందు, పెద్దసారు చెప్పారు. మీకు అర్థం కాలేదని తెలిస్తే ఈ పాఠాలు తీసేస్తారు, మీ టీచరు ఇంటికి పోతుంది, కాబట్టి బుద్ధిగా వినండి అని. అందుకే అందరం ఒట్టేసుకున్నాం. వచ్చినా రాకపోయినా గట్టిగా అర్థమైందనే చెప్పాలని. అందరూ బాగానే అరిచారు. నేనొక్కదాన్నే బోర్డు దగ్గర చెడగొట్టేశాను."

లెక్కలమ్మకి ఆ అరుపుల సంగతి అప్పుడు బోధపడింది. తనని కాపాడాలనే ఇన్నాళ్ళూ అరిచారు. ఆ అరుపే తనని బయటికి గెంటింది. ఆ నిజం ఈ పిల్లకి చెబితే, రేపటికి తరగతంతా మోయాలి దాన్ని. గబగబా పలక తీసి 'నీవల్ల కాదు' అని రాసింది.

"మరి ఎవరివల్ల?"

పలక తుడిచి, 'నావల్ల' అని రాసింది.

పిల్లకి కోపం వచ్చేసింది. "మీరేం చేశారు టీచర్? మీకసలు గొంతే లేదు కదా!" అని పలక లాక్కుని, ఆ మాటని అరచేత్తో తుడిచేసి, కొత్త మాట ఏదైనా రాస్తుందేమోనని తిరిగి ఇచ్చింది.

లెక్కలమ్మ రాయలేదు. ఏడుపు ముంచుకొచ్చి గోడవైపు తిరిగింది. ఆవిడ ఏడిస్తే చప్పుడు రాదు. భుజాలు కదలడం చూశాక గానీ పిల్లకి ఆ సంగతి తెలియలేదు.