పెద్ద కోడలి మదర్‌బోర్డు

పెద్ద కోడలికి చిన్న కోడలంటే కుళ్ళు. ఇందులో దాపరికమేమీ లేదు. చిన్న కోడలికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దామె పదకొండేళ్ళుగా మేడమీద గదిలో కూర్చుని ప్రింటింగ్ ప్రెస్సుకు పుస్తకాల పేజీలు కంప్యూటర్ మీద కంపోజ్ చేస్తోంది. ఒక్క చుట్టాన్నయినా ఎవరూ ఆ గదిలోకి తీసుకొచ్చిన పాపాన పోలేదు. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన చిన్నామె విడిభాగాలు తెచ్చి సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటే మాత్రం, ఇంటికి ఎవరొచ్చినా మామగారు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించడమే. తన చేత్తో చేసిందని ఆయన మురిసిపోతుంటే పెద్దామెకు ఒళ్ళు మండిపోయేది.

అంతలో ఆమె పాత కంప్యూటర్ మూలపడింది. ఈసారి తానూ బిగించుకోవాల్సిందే అనుకుంది. చచ్చినా తోడికోడలిని ఒక్క మాట అడగకూడదనీ అనుకుంది. అడిగితే ఆ గొప్ప కూడా ఆమెదే అయిపోతుంది.

క్యాబినెట్, ప్రాసెసర్, ర్యామ్ ముందే కొనేసింది. మిగిలింది మదర్‌బోర్డు, అంటే అవన్నీ కూర్చోవలసిన పీట. ఎంచుకోవడానికి ఆమెకు తెలిసిన పద్ధతి ఒకటే, పుస్తకం అట్టకు చేసేదే. బోర్డు బొమ్మను అసలు కొలతకు ప్రింటు తీసి, మందపాటి అట్టకు అంటించి, స్క్రూల రంధ్రాలతో సహా కత్తిరించి, క్యాబినెట్‌లో పెట్టి చూసుకుంది. అలా మూడు సైజులు చూసింది. అన్నిటికన్నా పెద్దది అంచు తగలకుండా సరిపోయింది. చిన్నామెది అందులో సగం కూడా ఉండదు. ఇక వేరే ఆలోచనెందుకు?

బోర్డు కొనడానికి వెళ్తే, కొట్టాయన ప్రాసెసర్ పేరు అడిగి సరిచూశాడు. ర్యామ్ ఏ రకమని కూడా అడిగాడు. ఆమెకు తెలీదు. చిన్నామె అయితే టక్కున చెప్పేదని తోచగానే పౌరుషం పొడుచుకొచ్చి, అవన్నీ చూసుకున్నానండీ అనేసింది.

ఇంటికొచ్చి మొదలుపెడితే ప్రాసెసర్ బుద్ధిగా కూర్చుంది. ర్యామ్ మాత్రం ససేమిరా అంది. ఆమె బొటనవేళ్ళతో బలంకొద్దీ నొక్కుతుంటే, ఆరేసిన బట్టలు తీసుకుని వెళ్తున్న చిన్నామె గుమ్మంలో ఆగింది.

"నొక్కకు అక్కా, విరిగిపోతుంది. ర్యామ్ కొత్త రకం, బోర్డు పాత రకానిది. నేనైతే రెండుసార్లు తప్పు బోర్డు తెచ్చుకున్నాను. మామయ్యగారికి చెప్పలేదు."

పెద్దామెకు ప్రాణం లేచొచ్చింది. తానూ తప్పు బోర్డు తెచ్చానన్న బాధ కూడా మర్చిపోయింది. మర్నాడు ఒక్కతే వెళ్ళి అదే సైజులో కొత్త రకం బోర్డు మార్చుకొచ్చి బిగించింది. మీట నొక్కగానే తెర వెలిగింది.

ఆదివారం మామగారు ఒక చుట్టాన్ని వెంటబెట్టుకుని, పదకొండేళ్ళలో మొదటిసారి, ఆమె గదిలోకొచ్చాడు. ఆమె లేచి జుట్టు సర్దుకుంది.

"పెద్దకోడలు కూడా బిగించిందండీ. చిన్నది దగ్గరుండి నేర్పిందిలెండి" అన్నాడాయన.

ఆమె మొహం మాడిపోయింది. చిన్నామె గుట్టు నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి చిన్నామె గొంతు వినబడింది.

"నేనేం నేర్పలేదు మామయ్యగారూ. నేను రెండుసార్లు తప్పు బోర్డు తెచ్చాను. అక్క ఒక్కసారే తెచ్చింది."

మామగారు పొంగిపోయాడు.

"చూశారా, మా చిన్నకోడలిది ఎంత మంచి మనసో."

నిజమేనని చుట్టం తలూపాడు. మాట్లాడుకుంటూ ముగ్గురూ కిందికి దిగారు. కంప్యూటర్ వైపు ఎవరూ చూడలేదు.