టీచరమ్మ తన్నిన బిందె

మా టీచరమ్మ పోయింది. మొన్న పొద్దున హోసూరు స్పెషల్ స్కూలు ఆయమ్మ ఫోన్ చేసింది. "గుండె ఆగిపోయిందంటమ్మా. సొంతూరు కావేరిపట్టణానికి తీసుకపోయినారు. పాపకి యెట్ల చెప్తావో చూసుకో," అని ఏడ్చింది. పాప అంటే నా కూతురు. నా అంత ఎత్తు ఎదిగింది గానీ మాట రాదు. మాట రాని బిడ్డకు చావు గురించి ఎలా చెప్పాలో నాకేం తెలుసు!

టీచరమ్మ అనగానే నాకు ఆమె కుడిచెయ్యే కళ్ళ ముందు ఆడుతుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా పంటి గాట్లు. అందులో సగం మా పాప పెట్టినవే.

మాది ఉద్దనపల్లి పక్కన పల్లె. పాపకు ఎనిమిదేళ్ళప్పుడు కనబడ్డ ప్రతి మనిషినీ కరిచేది, తల గోడకేసి బాదుకునేది. మా బావ, అంటే నా మొగుడి అన్న, దాన్ని పశువుల కొట్టంలో గుంజకు కట్టేశాడు. విప్పబోతే నన్నూ బాదాడు. ఎవరో చెప్పగా వచ్చిన టీచరమ్మ ఎవరినీ అడక్కుండా కొట్టంలోకి దూరి ముడి విప్పింది. విప్పిన చేతినే పాప కసిక్కున కరిచింది. బావ కట్టె ఎత్తాడు.

"కొట్టొద్దప్పా! కొడితే పండ్లు ఇంకా దిగుతాయి!" అని అరిచింది టీచరమ్మ. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చెయ్యి వెనక్కి లాగలేదు. మెల్లగా నోటి లోపలికే నెట్టింది. పాప దవడ వదులైంది. "లాగితే కండ ఊడొస్తాదమ్మా. నెడితే నోరు తెరుస్తాది," అని నాకు చెబుతూ రక్తం కారే చేతికి కొంగు చుట్టుకుంది. ఆ తర్వాత బావ మీద విరుచుకుపడింది. "ఈ తాడు ఎద్దుకి కట్టుకోప్పా. బిడ్డని స్కూలుకి పంపించు."

"నిన్ను చంపేస్తాది."

"చంపినప్పుడు ఏడుద్దువులే. ముందు పంపించు."

ఆమె ఓర్పుకు ప్రతిరూపమని ఇప్పుడు అందరూ అంటున్నారు. అబద్ధం. ఆమెకు ముక్కు మీదే కోపం. పిల్లలు గుద్దినా, జుట్టు పీకినా పల్లెత్తు మాట అనేది కాదు. నేరుగా స్కూలు వెనక కుళాయి దగ్గరికి పోయి ఖాళీ బిందెను ఫెడీమని తన్నేది. ఆ బిందె నిండా సొట్టలే. "నేనేమన్నా దేవతనా? నాకూ కోపమొస్తాది. బిందెకి నొప్పి లేదు కదా," అనేది. రానురాను పాపను కూడా వెంట తీసుకుపోయేది. కరవబోయిన ప్రతిసారీ ఇద్దరూ కలిసి తన్నేవారు. పాపను బండి మీద దింపే మా బావ ఒకరోజు అది చూసి, ఇంటికొచ్చి చాలాసేపు నవ్వాడు. మా ఇంట్లో ఆ కట్టె మళ్ళీ కనబడలేదు. నా బిడ్డ ఈ రోజు తాడు లేకుండా తిరుగుతోందంటే ఆమె చలవే.

కావేరిపట్టణానికి నేనూ, పాపా, మా బావా ముగ్గురం పోయాం. టీచరమ్మకు స్నానం చేయించి వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. పాప జనాన్ని తోసుకుంటూ పోయి, ఆ కుడిచెయ్యి ఎత్తి, గాట్ల మీద నోరు పెట్టింది.

"శవాన్ని కరుస్తా ఉంది!" అని కేకలు. ఒకడు పాప జుట్టు పట్టి గుంజాడు. ఇంకొకడు చెయ్యెత్తాడు. వాడి మణికట్టును మా బావ విరిచేటట్టు పట్టుకున్నాడు. "కొట్టొద్దప్పా!"

పాప పళ్ళు దించలేదు. చేతిని నోట్లో ఉంచుకుని, టీచరమ్మ మొహం వైపే చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడూ లోపలికి నెట్టే చెయ్యి ఈసారి నెట్టలేదు. చాలాసేపటికి పాపే నోరు తెరిచి, ఆ చేతిని బల్ల మీద పెట్టేసింది. నేను చెప్పవలసింది ఇంకేమీ మిగల్లేదు.

తర్వాత పాప నీళ్ళ కుళాయి దగ్గరికి పోయి, స్నానానికి వాడిన ఖాళీ బిందెను తన్నింది. అది వీధిలోకి దొర్లింది. జనం గుడ్లప్పగించి చూస్తుండగా, మా బావ పోయి దాన్ని తెచ్చి మళ్ళీ పాప కాళ్ళ ముందు నిలబెట్టాడు.