నాగమణి పెరట్లో కెమెరా

2001 ఫిబ్రవరి. చిలకలూరిపేట దాటి లోపలికి వెళ్లే రోడ్డు మీద ఒక ఊరు. ఉదయం ఐదుంబావుకు పాలకేంద్రం గంట మోగింది. జనం క్యాన్లు పట్టుకుని అటు నడుస్తున్నారు. నేను కెమెరా పట్టుకుని నాగమణి ఇంటి పెరట్లోకి వెళ్లాను.

పత్తి పోయి, పురుగుమందు తాగి చనిపోయిన రైతుల భార్యల గురించి అప్పుడు డాక్యుమెంటరీ తీస్తున్నాను. నాగమణి భర్త పోయి అది పదో రోజు. పొద్దు పొడవకముందే భర్తలు లేని ఆడవాళ్లు చేరి ఆమె గాజులు పగలగొట్టాలి. ముత్తైదువలు చూడకూడదు. మగవాళ్లు పెరట్లో అడుగు పెట్టకూడదు.

కెమెరా తెమ్మని ముందురోజు ఆమే అడిగింది.

"అలాంటివి నేను తీయను, నాగమణీ."

"నీ సినిమాకి కాదులే అక్కా. మా అమ్మకి చేసినప్పుడు చేతులు పట్టుకుని కొట్టారు. గాజుముక్క దిగి మణికట్టు చీముపట్టింది. నాకొద్దంటే ఎవరు వింటారు? నువ్వుంటే కాస్త జంకుతారు."

పెరట్లో బల్బు వెలుతురులో నాగమణి పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్లు. పచ్చడిబండ ఆమె భర్త మేనత్త సుబ్బమ్మ చేతిలో ఉంది. నేను కెమెరా భుజానికెత్తుకున్నాను.

వీధివైపు నుంచి నాగమణి బావగారు అరిచాడు. "ఏవమ్మా, ఇదేమన్నా పెళ్లా వీడియో తీయడానికి? ఆపు!" అరిచాడే గానీ లోపలికి రాలేడు.

సుబ్బమ్మ నావైపు చూసింది. "అమ్మాయ్, నా మొహం పడిద్దా అందులో?"

"పడుతుందండి."

"చేతులు మాత్రం తియ్యి."

"ఎవరి చేతులో తెలియాలి కదండీ."

పక్కనున్న రత్తమ్మ నవ్వింది. "గుంటూర్లో నీ మనవడు టీవీలో చూస్తాడులే, మా నాయనమ్మ భలే కొడతందని."

"అయితే నువ్వు పట్టవే బండ."

"నాకు మోకాళ్ల నొప్పులు."

"గాజులు మోకాళ్లతో కొడతావా ఏంటే?"

అప్పుడే వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే చిన్న తెరలో, టేపు అయిపోయిందన్న గుర్తు మెరిసింది. వేరే టేపులున్న సంచి వీధి అరుగు మీద, బావగారి పక్కనే ఉంది. కెమెరా దించితే సుబ్బమ్మ బండ ఎత్తుతుంది.

కెమెరా ముందువైపు ట్యాలీ లైట్ ఉంటుంది. రికార్డు అవుతున్నంతసేపూ వెలిగే ఎర్రదీపం. జనం దాన్నే చూస్తూ బిగుసుకుపోతారని దాని మీద నల్ల టేపు అంటించేవాళ్లం. కాబట్టి కెమెరా ఆగిన సంగతి నాకొక్కదానికే తెలుసు. కన్ను తీయకుండా నిలబడ్డాను. సుబ్బమ్మ కదిలినప్పుడల్లా లెన్సు ఆమెవైపు తిప్పాను. నాగమణి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేలను చూస్తోంది.

"అయిందా?" బయటి నుంచి బావగారు.

గోడ అవతల మిరప కోతకు వెళ్లే ఆడవాళ్ల మాటలు మొదలయ్యాయి. వెలుగొచ్చి పెరటి గోడ పైవరస ఇటుకలు కనబడుతున్నాయి.

"తెల్లారిపోతంది అత్తా," అంది రత్తమ్మ.

సుబ్బమ్మ బండ నేలమీద పెట్టింది. నాగమణి కొంగును తనే లాగి, గాజులు కనబడకుండా ఆమె చేతుల మీద కప్పింది.

"అయిందా, లేదా?"

"అయిందిరా!" అంది సుబ్బమ్మ. "గొంతు చించుకోకు. పో, ఆ కాఫీ సంగతి చూడు."

ఆ తర్వాతి వారం నాగమణి గాజులతోనే మిరప కోతకు వెళ్లింది. బావగారు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు.

పూర్తయిన చిత్రంలో ఆ పెరడు లేదు. నేను తీసినవాటిలో ఏది ఎవరికి పనికొచ్చిందో ఖాయంగా చెప్పలేను. ఆ తెల్లవారుజామున కెమెరా ఒకరికి పనికొచ్చిందని మాత్రం తెలుసు. ఎదుటి మనిషి కెమెరాను ఎందుకు తెమ్మంటోందో ముందు అడగడం అక్కడే నేర్చుకున్నాను.

నాగమణి పోయిన ఏడాది జ్వరంతో చనిపోయింది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆమె కూతురు ఒక సంగతి చెప్పింది. కొన్నేళ్ల కిందట బావగారు పోయినప్పుడు, పదో రోజు తెల్లవారకముందే నాగమణి వెళ్లి వాళ్ల పెరటి తలుపుకు అడ్డంగా కూర్చుందట. తోటికోడలి దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదట.

ఆ వీధిలో ఇప్పుడు గాజులు పగలగొట్టరు.