మెషీన్‌లో ముక్కుపొడి

మా ఇంట్లో ఇన్నేళ్లుగా అందరూ నవ్వుకుంటున్న నా వెర్రి ఊహ నిజమేనని ఒక పుస్తకం తేల్చింది. నేను లైబ్రరీలోనే చదువు నేర్చుకున్నదాన్ని. పుస్తకం మాటంటే నాకు గురి, అందుకే ఇది రాసిపెట్టాలి.

నా ఎనిమిదో ఏట నానమ్మ కరీంనగర్ నుంచి గల్ఫ్‌లో, సల్మానియా అనే పేటలోని మా ఫ్లాటుకు వచ్చింది. ఆమె ముక్కుపొడి ఘాటు దిండుకు, కొంగుకు, చెప్పే కథలకు కూడా అంటుకునేది. ఆ ఇత్తడి డబ్బా మూత తీసిచ్చే పని మాత్రం చెల్లి లతదే. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు పొడి అయిపోయింది. నేను తెస్తే మూత తీసే పని నాకొస్తుందనుకున్నాను. కింద దుకాణం ముందున్న మెషీన్ నాణెం వేస్తే ఏదైనా ఇస్తుందని నా నమ్మకం. నాణెం వేసి, "ముక్కుపొడి" అని గట్టిగా చెప్పి, మీట నొక్కాను. మామిడి రసం డబ్బా పడింది.

"ఓ పిచ్చిదానా! గా మిషిన్ల పొడి ఏడుంటదే?" నానమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, రసంలో సగం లతకే పోసింది.

మొన్న లైబ్రరీలో చదివాను. పూర్వం ఇంగ్లండు మద్యశాలల్లో నాణెం వేస్తే మూత తెరుచుకునే ఇత్తడి పెట్టెలుండేవట. వాటిలో అమ్మింది ముక్కుపొడే! వెంటనే లతకు ఫోన్ చేశాను.

"సరే అక్కా, నువ్వే గెలిచినవ్. కానీ నానమ్మ డబ్బా నా దగ్గర్నే ఉంది గదా," అంది.

లైబ్రరీలో ఆ పుస్తకం వెతికిచ్చిన ఉద్యోగిని ఫాతిమాకు, కఠినమైన ఇంగ్లీషు మాటలు విడమరిచిన పక్కింటి సుధాకర్‌గారికి కృతజ్ఞతలు. లతకు కూడా. ఒక్కసారి ఆ మూత నన్ను తియ్యనిస్తే ఇంకా మనస్ఫూర్తిగా చెబుతాను.