సోమ్లి తీసిన గాజులు

సోమ్లి మనవరాలు నెలలు నిండకుండానే పుట్టింది. పిడికెడంత ఉంది. “వెచ్చగ గుండెకు ఆనిచ్చుకో” అని దవాఖానా నర్సమ్మ చెప్పినప్పటి నుంచి, కోడలు పాలిచ్చి అందించగానే ఆ పసిగుడ్డును రవికెలో పెట్టుకుని సోమ్లి విసుర్రాయి తిప్పేది, మేకలకు ఆకు వేసేది. మోచేతి పైనున్న గాజులు పిల్లకు ఒత్తుకుంటున్నాయని తీసేసి దూలానికి వేలాడదీసింది. మొగుడు పోతేనే తీసే గాజులవి. తండా ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. “హీరాలాల్ బతికుండంగనే గిదేంది?” గడపలో కూర్చున్న హీరాలాల్ గట్టిగా దగ్గి, “ఇన్నరా? నేనింకా ఉన్న” అన్నాడు.

కోతలనాటికి పిల్ల ఒళ్లు చేసింది. హీరాలాలే గాజులు దించి పెళ్లాం చేతికి తొడగబోతే, పిల్ల ఒకటి లాక్కుని బోసినోట పెట్టుకుంది. ఎంత గుంజినా వదల్లేదు. “ఉండనీ, పట్టు మంచిగుంది” అని మురిసిపోయింది సోమ్లి. ఇప్పటికీ ఆమె కుడిచేతికి ఒక గాజు తక్కువే.