ఇసుక మీద స్వాతి అడుగులు

రిటైరవడానికి ఐదేళ్ల ముందు, చిత్తూరు జిల్లాలో పశువైద్యాధికారిగా ఉన్న నాకు తిరుపతి శివార్లలోని ఒక గుర్రపుస్వారీ శిక్షణ కేంద్రం అదనపు బాధ్యతగా వచ్చింది. అప్పటిదాకా నా చేతుల మీదుగా పోయినవన్నీ ఆవులూ గొర్రెలే. అయినా కాలేజీలో గుర్రం గురించి చదివాను గనక గుర్రం తెలుసనుకునేదాన్ని.

అక్కడ పిల్లగుర్రానికి మూడేళ్లు దాటాక పొడవాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పుతూ మాట వినడం నేర్పుతారు. తర్వాత మనిషిని ఎక్కించి నడక, దౌడు అలవాటు చేస్తారు. ఆ పైది అడ్వాన్స్‌డ్ శిక్షణ: అడ్డుకర్రలు దూకడం, దౌడులోనే చిన్న సున్నా చుట్టడం, ఉన్నచోటే గిరుక్కున తిరగడం. అందులోకి పంపాలంటే పశువైద్యులు ఫారం మీద 'ఫిట్' అని రాసి సంతకం పెట్టాలి.

మొదటి ఏడాది భీమ అనే గుర్రానికి పళ్లు చూసి రాశాను. చివరి పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చాయంటే నాలుగున్నరేళ్లు నిండినట్టు లెక్క. భీమకు వచ్చాయి. ఆరు నెలలు తిరగకుండానే దాని నడుము పట్టేసింది. జీను కనిపిస్తే చాలు, చెవులు వెనక్కి వాల్చి గోడకు జరిగేది. ఇక స్వారీకి పనికిరాదని కమిటీ తేల్చింది. ఫిట్ అని రాసిన చెయ్యి నాదే.

మరుసటి జూన్‌లో స్వాతి వంతు వచ్చింది. ఐదేళ్లకు దగ్గరపడ్డ ఎర్రటి ఆడగుర్రం, మంచి పొడగరి. ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని పళ్లతోపాటు ముంగాళ్ల మోకాళ్లకు ఎక్స్‌రే కూడా తీయించాను. ఎముక పెరిగేచోట ఉండే సన్నని సందు పూర్తిగా మూసుకుపోయింది, అంటే అక్కడ ఎదుగుదల పూర్తయినట్టే. డిసెంబరు పోటీలకు స్వాతిని దించాలని రైడింగ్ మాస్టరు పట్టుదల. నేను ఇంకా కలం పట్టుకుని ఆలోచిస్తుంటే ఆయనకు విసుగొచ్చింది.

"పళ్లు సూసినారు, మోకాళ్లు సూసినారు. ఇంకా ఏం సూడాల డాక్టరమ్మా? ఈడ ఊరికే నిలబెట్టి మేపేదానికా?"

స్వాతి పగ్గం పట్టుకుని నిలబడ్డ సైసు మునస్వామి గొంతు సవరించుకున్నాడు. గుర్రాలను సాకడమే అతని పని. సత్యవేడు పక్కవాడు, మాట చాలా తక్కువ.

"అమ్మా, ఒకతూరి ఏటికాడికి రండి. ఇసక సెప్తాది."

రాత్రి వాన పడి స్వర్ణముఖి ఇసుక తడిగా ఉంది. మునస్వామి ముందు స్వాతిని ఖాళీగా నడిపించాడు. తర్వాత మాస్టరును ఎక్కించి, పక్కనే ఇంకో వరసలో నడిపించాడు. ఆ తర్వాత నన్ను వంగి చూడమన్నాడు. ఖాళీగా నడిచినచోట వెనకకాలి డెక్క ముందుకాలి జాడను దాటి బెత్తెడు ముందు పడింది. మనిషి ఎక్కినచోట బెత్తెడు వెనకే ఆగిపోయింది.

"బరువు మోస్తా ఉండాదమ్మా. ఆ బరువుతో నడుము ఇంకా పైకెత్తలేదు. అందుకే యనకకాలు రాలేదు."

వెన్నెముక సందులు అన్నిటికంటే ఆలస్యంగా, ఐదున్నర దాటాక గానీ మూసుకోవు. ఆ సంగతి పుస్తకంలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నడుముకు ఎక్స్‌రే తీసేంత మిషను మా దగ్గర లేదు. ఆ పని ఇసుక చేసింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సంతకం చేయకుండానే ఫారం మడిచి పెట్టేశాను. మాస్టరు నెల రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. డిసెంబరు పోటీలు స్వాతి లేకుండానే జరిగాయి. తేలికపాటి స్వారీ, గట్టు ఎక్కించి దించడం, ఇవే దాని పాఠాలు. వారానికోసారి ఏటికి వెళ్లి కొలిచేవాళ్లం. వెనకపడే ఆ బెత్తెడు మూడు వేళ్లయింది, తర్వాత రెండయింది. మధ్యలో మళ్లీ మూడుకు పోయి నన్ను బెంగపెట్టింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక పొద్దున మాస్టరు ఎక్కి నడిపించారు. వెనక్కి తిరిగి చూస్తే ఇసుక మీద ఒకే వరస. వెనక డెక్క ప్రతిసారీ ముందు డెక్క జాడలోనే పడుతూ, వందడుగుల దాకా అంతే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ గీసివ్వలేదు. మాస్టరు గబుక్కున దిగి, టోపీ తీసి ఆ జాడల పక్కన కూర్చున్నారు.

తిరిగొస్తూ అడిగాను. "భీమప్పుడు నీకిది తెలియదా మునస్వామీ?"

"తెలుసమ్మా. పొద్దన్నే సూసేవాణ్ణి. మనిసెక్కితే యనకకాలు యనకే, రెండు వరసలు పడేవి."

"మరి చెప్పలేదేం?"

"నన్ను ఎవురడిగినారు?"

ఆ ఏడాది నేను నేర్చుకున్నది ఇంతే. పళ్లు వయసు చెబుతాయి, ఎక్స్‌రే ఎముక సంగతి చెబుతుంది. గుర్రం సిద్ధమైందా లేదా అన్నది రోజూ దాని వెంట నడిచేవాణ్ణి అడగాలి. ఫారంలో సైసు సంతకానికి చోటు లేదు. స్వాతి ఫారం అడుగున స్కేలు పెట్టి ఒక గీత గీశాను. దాని మీద మునస్వామి సంతకం పెట్టాకే నేను పెట్టాను. రిటైరయ్యేదాకా ప్రతి ఫారం మీదా ఆ గీత గీస్తూనే ఉన్నాను.