ఉపవాసంలో మింగిన గోలీలు

మాది రాజురా దగ్గరి పల్లె. నా భర్త పోయాక కూలి చేసుకుని బతుకుతున్నాను. మోకాళ్ల నొప్పులకు లావే కారణమంటూ మా ఆడవాళ్ల పొదుపు సంఘం బచత్ గట్‌లోని సునీత ఒళ్లు తగ్గే గోలీలు అంటగట్టింది. అన్నానికి ముందు వేసుకోమంది. నవరాత్రి ఉపవాసాల్లో అన్నం మానేశాను గానీ, గోలీ మానలేదు. మూడో రోజు సోయా కోస్తుంటే గుండె దడదడలాడి చేనులోనే పడిపోయాను. దవాఖానాలో కళ్లు తెరిస్తే ఎదురుగా సునీత.

"భయపడకక్కా. జర బరువైతే తగ్గినవ్ గదా!"

"తగ్గిన. పాడె మోసే నలుగురికి అల్కగుంటది! గంత మంచి గోలీలైతే నువ్వెందుకు మింగవే? నీ నడుమేమన్న సన్నగున్నదా?"

సునీత కొంగు సర్దుకుని మెల్లగా జారుకుంది. చదువుకున్నవాళ్లు కూడా ఇవి కొంటున్నారట! నా మోకాళ్లు ఇంకా నొస్తూనే ఉన్నాయి. నొయ్యనీ, బతికున్నాను. ఆ గోలీల మీద ఉమ్మినా నా ఉమ్మి దండగే.